గో-కార్ట్ కౌంటర్‌లో పెట్టిన సంతకం ప్రమాదం జరిగాక ఎంతవరకు చెల్లుతుంది?

గో-కార్టింగ్‌కి వెళ్లి డబ్బు కట్టగానే చేతికి ఒక ఫారం ఇస్తారు. లేదంటే ట్యాబ్ మీద వేలితో సంతకం పెట్టమంటారు. "నా ఇష్టంతో వచ్చాను, ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు, ఎలాంటి దావా వేయను" అన్నది దాని సారాంశం. దీన్నే వేవర్ అంటారు. ఎవరూ చదవరు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం ఆ కాగితానికి ఎక్కడలేని బలం వచ్చేస్తుంది. యాజమాన్యం దాన్ని తీసి ముందు పెడుతుంది, గాయపడ్డవాళ్లు 'సంతకం పెట్టేశాం కదా' అని వెనక్కి తగ్గుతారు. మన చట్టాల ముందు ఆ కాగితం అంత గట్టిది కాదు. జనం ధీమాగా ఉండే బీమా పాలసీలు మాత్రం ట్రాక్ గేటు దగ్గరే ఆగిపోతాయి. భయపడాల్సిన చోట ధైర్యంగా, ధైర్యంగా ఉండాల్సిన చోట భయంగా ఉంటున్నాం.

కార్ట్ అసలు మోటారు వాహనమేనా?

రోడ్డు మీద ప్రమాదం జరిగితే దారి అందరికీ తెలిసిందే. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో కేసు వేస్తారు, థర్డ్ పార్టీ బీమా కంపెనీ పరిహారం కడుతుంది. తప్పు ఎవరిదో తేల్చకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. గో-కార్ట్ దగ్గరకి వచ్చేసరికి ఈ దారి మూసుకుపోతుంది. మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్ ఇచ్చే నిర్వచనంలోంచి ఫ్యాక్టరీల్లోనో, ఇతర ప్రహరీ ఉన్న ఆవరణల్లోనో మాత్రమే నడిపేందుకు తయారైన వాహనాలను మినహాయించారు. అద్దె కార్ట్ సరిగ్గా అలాంటిదే. అందుకే దానికి నంబర్ ప్లేటు ఉండదు, నడపడానికి లైసెన్స్ అడగరు, థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాదు. ట్రాక్ యజమాని స్వచ్ఛందంగా పాలసీ తీసుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

సొంత బైకు మీద ట్రాక్ డేకి (డబ్బు కట్టి సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లేవాళ్ల పరిస్థితి వేరు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్లిన బైకు రిజిస్టరైన మోటారు వాహనమే. దానికి పాలసీ కూడా ఉంటుంది. కానీ థర్డ్ పార్టీ బీమా వర్తించడానికి ట్రాక్ 'పబ్లిక్ ప్లేస్' అవుతుందా అన్నది మొదటి పేచీ. టికెట్ కొనుక్కుని ఎవరైనా లోపలికి రాగలిగిన చోటును కూడా ఆ మాట కిందకే తెచ్చిన హైకోర్టు తీర్పులు ఉన్నాయి కాబట్టి ఈ పేచీలో గెలిచే అవకాశం లేకపోలేదు. అసలు అడ్డంకి ఆ బైకును దేనికి వాడారన్న దగ్గర వస్తుంది. దాని సంగతి కాసేపట్లో చూద్దాం.

కార్ట్ మీద గాయపడినవాళ్లకి మిగిలేవి రెండు వేదికలు: వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు. రెండు చోట్లా నిర్వాహకుల నిర్లక్ష్యాన్ని నిరూపించాలి. 'దెబ్బ తగిలింది కాబట్టి డబ్బు ఇవ్వండి' అంటే కుదరదు.

ఒప్పుకున్న ప్రమాదం, ఒప్పుకోని నిర్లక్ష్యం

ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ అనే రేస్ ట్రాక్ ఉండేది. 1930లో అక్కడ రెండు కార్లు ఒకదానికొకటి తగిలి, ఒకటి రెయిలింగ్‌ను దాటి జనం మీద పడింది. ఇద్దరు చనిపోయారు. జ్యూరీ క్లబ్బుదే తప్పంది. తర్వాత అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. ట్రాక్ తెరిచిన 23 ఏళ్లలో అలా ఒక్కసారీ జరగలేదు, ఊహించగలిగిన ప్రమాదానికి తగ్గ కంచె క్లబ్బు కట్టింది, రేసు చూడటానికి వచ్చినవాళ్లు ఆ ఆటలో ఉండే ప్రమాదాన్ని తెలిసే ఒప్పుకున్నారు అన్నది దాని వాదన. ఈ సూత్రం మన కోర్టుల్లోనూ నడుస్తుంది. ఆటలో సహజంగా ఉండే ప్రమాదానికి మనం ఒప్పుకున్నట్టే. అయితే నిర్వాహకుడు తన పని సరిగ్గా చేయకపోవడానికి మనం ఒప్పుకున్నట్టు కాదు.

కార్ట్ ట్రాక్ మీద ఈ గీత ఎక్కడ పడుతుందో చూడాలి. మలుపులో బ్రేకు ఆలస్యంగా నొక్కి, కార్ట్ గిరగిర తిరిగి టైర్ల గోడకి కొట్టుకుంటే అది ఆట. అదే టైర్ల గోడలో టైర్లను ఒకదానికొకటి బోల్టులతో బిగించకుండా వదిలేస్తే, కార్ట్ ముక్కు వాటి సందులోకి దూరి వెనకున్న కాంక్రీటుకి తగులుతుంది. అది నిర్లక్ష్యం. యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుని కాలు తీసినా వేగం తగ్గకపోవడం, వెనక ఇరుసుకు ఉన్న ఒకే ఒక్క డిస్క్ బ్రేకులో ప్యాడ్లు అరిగిపోవడం, పెద్దవాళ్ల హెల్మెట్‌ను పిల్లల తలకి పెట్టి పంపడం, ఒక కార్ట్ తిరిగి ఆగిపోయినా మార్షల్ (ట్రాక్ మీద జెండాలు చూపే సిబ్బంది) హెచ్చరికగా పసుపు జెండా చూపకపోవడం, పిట్‌లోకి వస్తున్న కార్ట్‌ల దారిలో జనాన్ని నిలబడనివ్వడం కూడా ఈ రెండో కోవలోకే వస్తాయి.

వీటన్నిటికంటే ఘోరమైనది జుట్టు. అద్దె కార్ట్‌లో వెనక చక్రాలు రెండూ ఒకే గట్టి ఇరుసు మీద తిరుగుతాయి. ఇంజిన్, గొలుసు, ఇరుసు డ్రైవరు వీపుకు జానెడు దూరంలో ఉంటాయి. విడిచిన జడ, చున్నీ, మెడలో కట్టిన స్కార్ఫ్ ఏది అందినా ఇరుసు క్షణంలో చుట్టేసుకుంటుంది. 2018లో హరియాణాలోని పింజోర్‌లో ఒక మహిళ, 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో ఒక విద్యార్థిని ఇలాగే చనిపోయారు. ఈ ప్రమాదాన్ని ఆపడం ఎలాగో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు: ఇరుసుకి, గొలుసుకి పూర్తి కవరు, తలకి బాలక్లావా (తల, మెడ కప్పే గుడ్డ తొడుగు), జుట్టు ముడివేసి చొక్కా లోపలికి తోయించడం, చున్నీ లాకర్‌లో పెట్టించడం, ఇవన్నీ చూశాకే స్టార్ట్ ఇవ్వడం. ముందే తెలిసి, తేలిగ్గా ఆపగలిగిన ప్రమాదాన్ని 'ఆటలో భాగం' అని ఏ నిర్వాహకుడూ సమర్థించుకోలేడు. మరణం సంభవిస్తే పరిహారంతో పాటు క్రిమినల్ కేసు కూడా వస్తుంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల దాకా జైలు. పాత ఐపీసీ 304-ఎ కింద ఇది రెండేళ్లే. ఇక వేవర్ క్రిమినల్ కేసును ఏ విధంగానూ ఆపలేదు.

సంతకం బరువు ఎంత?

మన సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇక్కడ బాగా అక్కరకొచ్చేది ఒక కారు దొంగతనానికి సంబంధించినది. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌లో వాలే పార్కింగ్‌కి ఇచ్చిన కారు పోయింది. 'యజమాని రిస్క్ మీదే పార్కింగ్' అని టోకెన్ మీద ముద్రించామని హోటల్ వాదించింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. తన సిబ్బంది నిర్లక్ష్యం పైకి కనిపిస్తున్నప్పుడు అలాంటి షరతు చాటున హోటల్ దాక్కోలేదని, తన తప్పు లేదని నిరూపించుకోవాల్సింది హోటలేనని చెప్పింది. అది వస్తువును అప్పగించిన కేసు, శరీరానికి తగిలిన గాయం కేసు కాదు. అందుకని నేరుగా అతికించలేం. అయినా వస్తువు విషయంలోనే చెల్లని షరతు ప్రాణం విషయంలో ఎలా చెల్లుతుందన్న వాదనకు జవాబు చెప్పడం కష్టం.

అసమానమైన ఒప్పందాల గురించి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 2(46) సెక్షన్ ఉంది. ఇక్కడ చాలామంది లాయర్లు కూడా తడబడే మెలిక ఒకటుంది. ఒప్పందం అన్యాయమైనదని ప్రకటించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌తోనే అది మొదలవుతుంది. కాబట్టి జిల్లాలో వేసే ఫిర్యాదులో 'ఈ వేవర్‌ను రద్దు చేయండి' అని అడిగితే అవతలి పక్షం అధికార పరిధి పేచీ పెట్టి ఏడాది తినేస్తుంది. 'సేవలో లోపం, నిర్లక్ష్యం, దానికి పరిహారం' అని మాత్రమే అడగడం మేలు. వేవర్ చెల్లుతుందా లేదా అన్నది అవతలివాళ్లు లేవనెత్తితే, జవాబులో తాజ్ తీర్పు చూపిస్తే సరిపోతుంది.

ఫారంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న) షరతు ఉన్నా, 'బెంగళూరు కోర్టుల్లోనే' అని రాసి ఉన్నా కంగారు పడక్కర్లేదు. ఆర్బిట్రేషన్ షరతు వినియోగదారుల కమిషన్‌ను అడ్డుకోదని సుప్రీంకోర్టు ఎమార్ కేసులో తేల్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చని 2019 చట్టమే చెబుతోంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల సంతకానికి అసలు విలువే లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ (అప్పటి మన అత్యున్నత అప్పీలు కోర్టు) చెప్పిన మాట ఇప్పటికీ చట్టమే. తండ్రో తల్లో సంతకం పెట్టినా, నిర్లక్ష్యం వల్ల గాయపడ్డ బిడ్డకు ఉన్న హక్కును వాళ్లు ముందుగానే వదులుకున్నారని వాదించి నెగ్గడం నిర్వాహకుడికి చాలా కష్టం.

మరి ఆ కాగితం దేనికీ పనికిరాదా? పనికొస్తుంది. 'ప్రమాదాలేమిటో ముందే చెప్పాం, నిబంధనలు చదివి వినిపించాం' అనడానికి నిర్వాహకుడికి అది సాక్ష్యం. నడుస్తుండగా హెల్మెట్ తీసినా, నీలం జెండా చూపినా దారి ఇవ్వకపోయినా, కావాలని ముందు కార్ట్‌ను గుద్దినా, పరిహారంలో గాయపడ్డవారి వాటా తప్పుకి కోత పడుతుంది. ఆ కోతకు ఆధారం ఆ ఫారమే. అందుకే సంతకం పెట్టే ముందు దాని ఫోటో తీసుకోవడం మంచిది. బ్రీఫింగ్ ఇవ్వకుండానే 'బ్రీఫింగ్ విన్నాను' అన్న గడిలో టిక్ పెట్టించే చోట్లు ఉన్నాయి.

పాలసీలు: ఏది ఆగిపోతుంది, ఏది పనిచేస్తుంది

కారు, బైకు పాలసీ షెడ్యూల్‌లో 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అని ఒక పెట్టె ఉంటుంది. వ్యవస్థీకృత రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే కవరేజీ ఉండదని అందులో ఉంటుంది. సొంత బండికి జరిగిన నష్టం దీనితో పోయినట్టే. యజమాని-డ్రైవరుకి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకీ ఇదే గండం. 'మాది రేసు కాదు, టైమింగ్ లేని ప్రాక్టీసు' అనే వాదన ఉంది, కొన్నిసార్లు నిలబడవచ్చు కూడా. కానీ ల్యాప్ టైమర్ స్క్రీన్‌షాట్ ఇన్‌స్టాలో పెట్టుకున్నవాళ్లకి ఆ వాదన దక్కదు. థర్డ్ పార్టీ విషయంలోనూ, వ్యవస్థీకృత రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌ని మినహాయించిన పాలసీ అయితే కంపెనీ ఆ కారణం చూపి తప్పించుకునేందుకు మోటారు వాహనాల చట్టంలోని 150వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. ట్రాక్ మీద మీ బైకు ఇంకో రైడరుని గుద్దితే కట్టాల్సింది మీ జేబులోంచే కావచ్చు. ఇంటి నుంచి ట్రాక్ దాకా, తిరుగు ప్రయాణంలో మాత్రం పాలసీ మామూలుగానే పనిచేస్తుంది.

ఇక్కడ ఒక దురలవాటు గురించి చెప్పాలి. ట్రాక్ మీద పడిన బైకును ట్రక్కులో ఊరికి తెచ్చి, 'రోడ్డు మీద కుక్క అడ్డొచ్చింది' అని క్లెయిమ్ వేస్తారు. సర్వేయరు బండిని చూడగానే పట్టేసే గుర్తులు ఉంటాయి: అద్దాలు, ఇండికేటర్లు విప్పేసి ఉండటం, హెడ్‌లైటుకి టేపు, డ్రెయిన్ బోల్టుకి లాక్ వైరు, అంచుదాకా కరిగిన టైరు. అబద్ధం బయటపడితే ఆ క్లెయిమ్ పోవడంతో పాటు మోసం కింద పాలసీ రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో కూడా 'రోడ్డు ప్రమాదం' అని రాయిస్తే, తర్వాత ట్రాక్ మీద వేసే కేసుకి ఆ కేస్ షీటే అడ్డం తిరుగుతుంది.

ఆరోగ్య బీమా దగ్గర మాత్రం జనం అనవసరంగా ఆశ వదులుకుంటారు. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ప్రామాణికం చేసిన మినహాయింపుల్లో తొమ్మిదోది సాహస క్రీడల గురించి. మోటార్ రేసింగ్ పేరు అందులో స్పష్టంగా ఉంది. అయితే ఆ వాక్యంలో 'ప్రొఫెషనల్‌గా పాల్గొన్నందువల్ల' అన్న మాట ఉంది. ఆదివారం సరదాగా కార్ట్ ఎక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ప్రొఫెషనల్ కాదు. అతని ఆస్పత్రి బిల్లును ఈ మినహాయింపు కింద తిరస్కరించడం తప్పు. తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా ఆదేశించే అధికారం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలకీ కార్యాలయం హైదరాబాద్‌లోనే.

విడిగా కొన్న వ్యక్తిగత ప్రమాద పాలసీ విషయంలో అంత భరోసా వద్దు. కొన్నింటిలో 'ప్రొఫెషనల్' అన్న మాట ఉంటుంది, కొన్నింటిలో ఏ రకమైన రేసింగైనా మినహాయింపే. ఆ ఒక్క వాక్యం చదవకుండా కొనకూడదు. జీవిత బీమా అసలు మొత్తం సాధారణంగా వస్తుంది, ప్రమాద మరణానికి పాలసీకి అదనంగా జోడించుకునే 'రైడర్' కవరే రేసింగ్ దగ్గర ఆగుతుంది. ప్రపోజల్ ఫారంలో ప్రమాదకరమైన అలవాట్ల గురించి అడిగితే ట్రాక్ డేల సంగతి దాచకూడదు. దాచితే మొదటి మూడేళ్లలో బీమా చట్టం 45వ సెక్షన్ కింద పాలసీనే ప్రశ్నించే హక్కు కంపెనీకి ఉంటుంది.

ప్రమాదం జరిగాక

కేసు గెలిచేదీ ఓడేదీ చాలావరకు మొదటి రెండు రోజుల్లోనే. కార్ట్ నంబరు, హెల్మెట్, తగిలిన చోట టైర్ల గోడ, ఇరుసు మీద కవరు ఉందో లేదో, బోర్డు మీద రాసిన నిబంధనలు, అన్నీ ఫోటోలు తీయాలి. యూపీఐ రసీదు దాచాలి, ఎందుకంటే మీరు వినియోగదారు అనడానికి అదే రుజువు. ఆఫీసు డబ్బు కట్టి తీసుకెళ్లినా, ఆ సేవను పొందిన ఉద్యోగి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసు నమోదు చేయించి, ఎక్కడ, ఎలా జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయించాలి. సీసీటీవీ రికార్డు మీద కొన్ని వారాల్లోనే కొత్త రికార్డు ఎక్కేస్తుంది. 'ఆ రోజు ఫుటేజీ, ఆ కార్ట్ మెయింటెనెన్స్ పుస్తకం, డ్యూటీలో ఉన్న మార్షళ్ల జాబితా భద్రపరచండి' అని వెంటనే ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండూ పంపాలి. తర్వాత అవి 'దొరకడం లేదు' అంటే, అది వాళ్లకే నష్టం.

వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు. పరిధిని చూసేది మీరు కట్టిన రుసుమును బట్టే, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. వెయ్యి రూపాయల టికెట్ మీద కోటి అడిగినా కేసు జిల్లా కమిషన్‌లోనే, ఫైలింగ్ ఫీజు కూడా సున్నా. సివిల్ కోర్టులో అడిగిన మొత్తాన్ని బట్టి ఫీజు కట్టాలి. గడువు గాయానికి మూడేళ్లు, మరణానికి రెండేళ్లు. ఇంజినీరు సాక్ష్యం, సుదీర్ఘమైన క్రాస్ ఎగ్జామినేషన్ కావాల్సిన కేసైతే కమిషనే సివిల్ కోర్టుకి పొమ్మనవచ్చు. కార్ట్ లోపం మీద ఆధారపడ్డ కేసుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఇరుసుకు కవరు లేకపోవడం లాంటి ఒక ఫోటోతో తేలిపోయే కేసుకి కమిషనే మంచి దారి.

పరిహారం లెక్కకు మోటారు ప్రమాదాల తీర్పులనే కొలమానంగా వాడతారు. ఉదాహరణకి 26 ఏళ్ల మనిషి, నెలకు 40,000 సంపాదన, సొంత వృత్తి. ఏడాదికి 4,80,000. భవిష్యత్తు ఎదుగుదలకి 40 శాతం కలిపితే 6,72,000. ఆ వయసుకు గుణకం 17, అంటే 1,14,24,000. సంపాదించే శక్తి 30 శాతం తగ్గిందనుకుంటే 34,27,200. ఆస్పత్రి ఖర్చు, తోడున్నవారి ఖర్చు, పడ్డ బాధ దీనికి అదనం. అందరూ పొరపాటుపడేది ఆ 30 దగ్గరే. వైద్యుడి సర్టిఫికెట్‌లో ఉండే శాతం అవయవానిది. కోర్టు చూసేది సంపాదనకి తగిలిన దెబ్బ. ఎడమచేయి పోతే వడ్రంగికో డ్రైవరుకో బతుకుదెరువు మొత్తం పోవచ్చు, గుమాస్తాకి ఉద్యోగం అలాగే ఉండవచ్చు అని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టే ఉదాహరణ ఇచ్చింది. కాబట్టి సర్టిఫికెట్‌తో పాటు మీరు చేసే పని ఏమిటో, అది ఇప్పుడు ఎందుకు చేయలేకపోతున్నారో చూపే సాక్ష్యం కావాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకి

అక్కడ వారాంతాల్లో సొంత కారుతో ట్రాక్‌కి వెళ్లే తెలుగువాళ్లు ఈ వ్యాసంలో పై సగాన్ని మరిచిపోవాలి. చాలా రాష్ట్రాల్లో మామూలు నిర్లక్ష్యానికి వేవర్ చెల్లుతుంది, ఘోర నిర్లక్ష్యానికి మాత్రం చెల్లదు. వర్జీనియాలో గాయానికి ముందే రాయించుకున్న వేవర్ చెల్లదు. రుసుము తీసుకునే వినోద స్థలాల విషయంలో న్యూయార్క్‌లోనూ దాన్ని చట్టమే కొట్టేస్తుంది. 2005 జూన్‌లో కాలిఫోర్నియా స్పీడ్‌వేలో ఫెరారీ యజమానుల క్లబ్బు నడిపిన ట్రాక్ డేలో ఒక పోర్షే కరెరా జీటీ గోడకి తగిలి, నడిపినతనూ పక్కన కూర్చున్నతనూ చనిపోయారు. ఇద్దరూ వేవర్ మీద సంతకం పెట్టినవాళ్లే. అయినా ప్రయాణికుడి కుటుంబం వేసిన దావా 2007లో సుమారు 45 లక్షల డాలర్లకు రాజీ అయింది. వార్తల్లో వచ్చిన వాటాల ప్రకారం దాదాపు సగం నడిపినతని ఆస్తి నుంచి, 41 శాతం ట్రాక్, క్లబ్బుల నుంచి, 8 శాతం పోర్షే నుంచి, మిగిలింది వేగంగా వస్తున్న కారుకి అడ్డంగా ట్రాక్ మీదకి వచ్చిన ఇంకో డ్రైవరు నుంచి. స్నేహితుణ్ని పక్క సీట్లో ఎక్కించుకునేవాళ్లు ఆ మొదటి వాటా వైపు చూడాలి. అక్కడి కారు పాలసీలు ఎన్నో ఇప్పుడు 'రేసింగ్ కోసం కట్టిన స్థలం' అన్న మాటతో టైమింగ్ ఉన్నా లేకపోయినా మొత్తం మినహాయిస్తున్నాయి. ఒక్కరోజు ట్రాక్ పాలసీ దొరుకుతుంది, కానీ అది సాధారణంగా మీ కారుకే, మీరు ఇతరులకి చేసిన గాయానికి కాదు.

ట్రాక్ నడిపేవాళ్ల పాలసీలో చూడాల్సింది

మన దగ్గర నిర్వాహకుడు తీసుకునేది పబ్లిక్ లయబిలిటీ పాలసీ. 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద ఇచ్చేది వేరు, అది ప్రమాదకర రసాయనాలకి. ఏజెంటు ఆ పేరు చెప్పి అంటగడితే ట్రాక్‌కి నయాపైసా ఉపయోగం లేదు. సరైన పాలసీలో కూడా మూడు చోట్ల చిల్లులు పడతాయి. మొదటిది, చూసేవాళ్లని కవర్ చేసి 'పాల్గొనేవాళ్లని' మినహాయించడం. కార్ట్ వ్యాపారంలో గాయపడేది పాల్గొనేవాళ్లే కాబట్టి అలాంటి పాలసీ గోడకి తగిలించుకోవడానికే. రెండోది, ఒక్క ప్రమాదానికి, మొత్తం ఏడాదికి వేర్వేరు పరిమితులు. ఏడాది పరిమితి కోటి కదా అని ధీమా పడితే ఒక్క ప్రమాదానికి 25 లక్షలే ఉండొచ్చు. మూడోది, ఈ పాలసీల్లో చాలావాటికి పాలసీ నడుస్తుండగా క్లెయిమ్ అందాలి. నిరుడు జరిగిన ప్రమాదం మీద ఈ ఏడాది నోటీసు వస్తే, మధ్యలో రెన్యువల్ మానేసినవాడికి రక్షణ ఉండదు. మార్షళ్లు, మెకానిక్‌లు ఈ పాలసీలోకి రారు, వాళ్లకి ఉద్యోగుల పరిహార బీమా విడిగా తీసుకోవాలి.

పిల్లల పుట్టినరోజుకో, ఆఫీసు టీముకో ముప్ఫై మందిని తీసుకెళ్లేవాళ్లు బుకింగ్‌కి ముందే ఈమెయిల్‌లో అడగొచ్చు: లయబిలిటీ పాలసీ ఏ కంపెనీది, ఎప్పటి వరకు ఉంది, ఒక్క ప్రమాదానికి పరిమితి ఎంత, నడిపేవాళ్లు అందులో ఉన్నారా? ఉన్నవాళ్లు కాపీ పంపడానికి రెండు నిమిషాలు పట్టదు.